పికప్ బండికి పడవ రంగు

తెల్లారుజామున పెదజాలారిపేటలో పదిమంది ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని దాలయ్య పికప్ బండి వెనక చేరారంటే, ఎక్కడానికని అనుకునేరు. కాదు, తొయ్యడానికి.

ముందు సీట్లో దాలయ్య గంగమ్మ తల్లికో దణ్ణం, స్టీరింగుకో దణ్ణం పెట్టుకుని తాళం తిప్పేవాడు. ఇంజిను "ర్రూ..." అనేది. కాసేపాగి మళ్ళీ "ర్రూ..." అనేది. రెండు మూలుగుల మధ్య ఉల్లిపాయ ఒలుచుకోవచ్చు. డీజిలింజిను గిరగిరా తిరిగితేనే కదా లోపల వేడి పుట్టి అంటుకునేది! ఇలా నడుం పట్టేసిన ముసలాడు మంచం దిగుతున్నట్టు తిరిగితే ఏం అంటుకుంటుంది? నాలుగు మూలుగులు విని దాలయ్య కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసేవాడు. అడగడానికి మొహం చెల్లక చూపుతోనే సరిపెట్టేవాడు పాపం.

"ఏటలగ సూత్తన్నావు? గేరెయ్యి మావా!" అని వెనకనుంచి కేకేసేది అతని భార్య సూర్యకాంతమ్మ. తర్వాత ఆడవాళ్ళ మీద పడేది. "ఒలే, తొయ్యండే! సేపలు మనకోసం కూకోవు!"

పదిమందీ కలిసి ఓ ఊపు ఊపితే బండి సందులోంచి జారి, బీచి రోడ్డు ఎక్కి, గుప్పున నల్లపొగ వదిలి అంటుకునేది. పొగంతా తోసిన వాళ్ళ మొహాలకే. దగ్గుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పరిగెత్తి తట్టలతో సహా ఎక్కేవారు. అక్కణ్ణుంచి ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి, వేలంపాటలో చేపలు కొని, పైన ఐసు దట్టించి, భీమిలి మీదుగా తగరపువలస మార్కెట్టుకి. మళ్ళీ ఇల్లు చేరేదాకా దాలయ్య ఇంజిను ఆపేవాడు కాదు. టీ తాగినా బండి పక్కనే, ఇడ్లీ తిన్నా సీట్లోనే, పసిపిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకున్న తల్లిలా కదలకుండా కూర్చునేవాడు. ఒకసారి పొరపాటున చెయ్యి తగిలి ఆపేశాడు. ఆ రోజు తగరపువలస మార్కెట్టు మార్కెట్టంతా వచ్చి తొయ్యాల్సి వచ్చింది. కూరగాయల వాళ్ళు ఇప్పటికీ ఆ ముచ్చట చెప్పుకుంటారు.

ఇక్కడ దాలయ్య పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఈ బండి గొడవ ఎంత ప్రాణసంకటమో మీకు తెలియదు.

దాలయ్య జాలారి. తాత, తండ్రి, అన్నలు, బావమరిది, అందరిదీ సముద్రం మీద వేటే. దాలయ్యకి మాత్రం తెప్ప గట్టు వదిలిందంటే కళ్ళు తిరుగుతాయి. మామూలుగా కాదు, మొదటి అల దాటేలోపే రాత్రి తిన్నదీ, మొన్న తిన్నదీ బయటికొచ్చేస్తుంది. కుర్రతనంలో తండ్రి పట్టుదలగా తిప్పాడు. నిమ్మకాయ పీల్పించారు, అల్లం నమిలించారు, చింతపండు నోట్లో పెట్టారు, ఎవరో చెప్పారని సముద్రం నీళ్ళే దోసెడు తాగించారు. దానికి వాంతులు రెట్టింపయ్యాయి. చివరికి వల లాగాల్సిన వాళ్ళు వల వదిలేసి దాలయ్య తల పట్టుకోవలసి వచ్చేసరికి తండ్రి చేతులెత్తేశాడు. పేటంతా అతనికి "గట్టు దాలయ్య" అని పేరు పెట్టింది. జాలారిపేటలో పుట్టిన మగాడికి అంతకన్నా తల కొట్టేసే మాట ఇంకొకటి లేదు.

గట్టు మీదే బతికాడు. హార్బర్లో ఐసు మోశాడు, చేపల లారీల వెంట తిరిగాడు, తిరుగుతూనే డ్రైవింగు నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి ఎవరో వాడి వదిలేసిన పాత పికప్ ఒకటి కొనుక్కున్నాడు. అదీ అతని పడవ. పేట ఆడవాళ్ళని మార్కెట్టుకి తీసుకెళ్ళి తీసుకురావడం మొదలుపెట్టాక మెల్లిగా "గట్టు" మాట వెనకబడింది. "దాలయ్య బండి వచ్చిందా? దాలయ్య బండి బయల్దేరిందా?" అనే మాటలు ముందుకొచ్చాయి. ఆ మాట విన్నప్పుడల్లా అతనికి ఛాతీ ఓ అంగుళం పెరిగేది. ఇప్పుడు ఆ బండే మొరాయిస్తోంది మరి.

వేసవిలో వేట బంద్ అయినన్నాళ్ళూ పడవలన్నీ ఒడ్డుకెక్కుతాయి. చిల్లులు పూడుస్తారు, కొత్త చెక్కలు వేస్తారు, ఆఖరికి రంగులేస్తారు. రంగు దగ్గర ఎవరికి వారికే పంతం. పక్కవాడి పడవ కంటే తనది మెరవాలి. అదే రోజుల్లో, ఆ పడవల వరసలోనే దాలయ్య కూడా తన బండి పెట్టుకుని రంగు వేస్తాడు. పైన నీలం, కింద ఎరుపు, మధ్యలో తెల్లగీత, అచ్చం పడవే. కొత్తగా వచ్చిన ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒకాయన ఆపి, "ఇదేంటయ్యా, దీనికి లైసెన్సు రోడ్డుదా సముద్రందా?" అని అడిగాడు కూడా. ఉప్పుగాలి, పైగా చేపల ఐసు కరిగి రోజంతా కారే ఉప్పునీళ్ళు. ఇనుము కనపడితే చాలు కొరికేస్తాయి. అందుకే దాలయ్య ఇనుము కనపడనివ్వడు.

ఈ ఏడు మరీ ఒళ్ళు మరిచి వేశాడు. బండిని సరుగుడు దుంగల మీద ఎత్తి, చక్రాలు ఊడదీసి, వెల్లకిలా పడుకుని అడుగంతా వేశాడు. పక్క పడవల వాళ్ళు వచ్చి, "ఏం సెయ్యిరా బాబూ నీది!" అని మెచ్చుకుని మరీ వెళ్ళారు.

వేట మొదలైంది. మార్కెట్టూ మొదలైంది. బండి మూలుగూ మొదలైంది.

దాలయ్య చెయ్యని వైద్యం లేదు. బ్యాటరీ పోయిందన్నారు, కొత్త బ్యాటరీ వేయించాడు. రెండ్రోజులు కొంచెం హుషారుగా తిరిగినట్టే తిరిగి మళ్ళీ మూలిగింది. బ్యాటరీ షాపువాడితో జబ్బలు చరుచుకుని పోట్లాడొచ్చాడు. స్టార్టరు మోటారు అరిగిందన్నారు, అది విప్పించి కార్బన్లు మార్పించాడు. ఇంజినాయిలు చిక్కబడిందన్నారు, అదీ మార్చాడు. దిష్టి తగిలిందని నూకాలు ఎండుమిరపకాయలు తిప్పి తగలేసింది. ఆ ఘాటుకి సందంతా తుమ్మింది గాని ఇంజిను మాత్రం చలించలేదు. ఎవరు అడిగినా దాలయ్యది ఒకటే మాట. "నానేటీ సెయ్యలేదు. ఉన్నట్టుండి ఇలగైపోనాది."

నూకాలు అంటే ఆషామాషీ మనిషి కాదు. పేట ఆడవాళ్ళందరికీ పెద్ద. దాలయ్య తల్లికి స్నేహితురాలు. తట్ట నెత్తిన పెట్టుకుని భీమిలి దాకా నడిచి వెళ్ళిన తరం. ఆవిడ మాటంటే మాటే. ఒకరోజు తోసి తోసి నడుం పట్టుకుని రోడ్డు మీదే కూలబడి, దాలయ్యని పిలిచింది.

"ఒరే దాలిగా, నాను సేపలమ్ముకుందానికొత్తన్నానా, బండి తొయ్యడానికొత్తన్నానా?"

"రెండ్రోజులు ఓపిక పట్టు సిన్నమ్మా, బాగు సేయించేత్తాను."

"నీ రెండ్రోజులు వర్షాకాలం నుంచీ వింటన్నాను. ఇదిగో, ఆదివారం దాకా సూత్తాను. ఆదివారం పెద్ద బేరం. ఆ రోజు ఒక్కసారి తొయ్యమన్నావా, సోమారం నుంచి అందరం కిష్ణంరాజు బండే. నన్నేటీ అనుకోకు మరి."

కృష్ణంరాజు ఆ పేటవాడే. కొత్త మినీ ట్రక్కు తెచ్చాడు. తాళం ఇలా ముట్టుకుంటే అలా స్టార్టవుతుంది. దానికి పాటలొకటి. రోజూ పొద్దున్నే ఆడవాళ్ళు తోస్తున్నప్పుడే పక్కనుంచి నెమ్మదిగా పోనిస్తూ, "ఏటి బావా, ఈ రోజు ఇంకా లెగలేదా?" అని పలకరించి వెళ్ళేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. అయినా ఆ పలకరింపు విన్నప్పుడల్లా దాలయ్యకి కడుపు రగిలిపోయేది.

ఆ సాయంత్రమే బావమరిది గవర్రాజు వచ్చి కూర్చున్నాడు. గవర్రాజుకి మోటారు బోటులో వాటా ఉంది.

"బావా, ఎందుకీ తిప్పలు? ఆ బండి అమ్మీసి మా బోట్లోకొచ్చీ. వల లాగడానికి మనిషి తక్కువున్నాడు. వయసొచ్చాక కళ్ళు తిరగడం అదే తగ్గిపోతాదిలే."

బోటు మాట వినగానే దాలయ్య చెయ్యి అలవాటుగా నిమ్మకాయ కోసం తడుముకుంది. కాని ఏం చేస్తాడు? ఆడవాళ్ళు బండెక్కకపోతే బండి ఉండి ఏం లాభం? ఇంట్లో కూర్చుని పెళ్ళాం తెచ్చింది తినాలా? గవర్రాజు మొహంలోకి చూడకుండానే మాటిచ్చేశాడు.

"ఆదివారం బండి బాగుంటే సరే. నేకపోతే సోమారం నీ బోటెక్కుతాను."

పొయ్యి దగ్గరున్న సూర్యకాంతమ్మ ఆ మాట విన్నది. విని ఒక్క ముక్క అనలేదు. ఆవిడ అరిస్తే దాలయ్యకి ధైర్యంగా ఉంటుంది. నోరు మూసుకుందంటేనే భయం.

మర్నాడు మార్కెట్టు నుంచి రాగానే ఆవిడే అంది, "పద, గాజువాక ఎల్దాం. ఆటోనగర్లో సన్యాసిరాజు అని కరెంటు మెకానిక్ ఉన్నాడంట. లారీలాళ్ళందరూ ఆడి దగ్గరికే ఎల్తారంట."

"నువ్వెందుకు?"

"దార్లో ఆగిపోతే ఎవుడు తోత్తాడు?"

ఇద్దరూ బయల్దేరారు. పోర్టు రోడ్డు పట్టి, కంటైనర్ లారీల మధ్య నక్కి నక్కి వెళుతుంటే సిగ్నల్ పడ్డ ప్రతిచోటా దాలయ్య యాక్సిలరేటరు మీంచి కాలు తీసేవాడు కాదు. అయినా మల్కాపురంలో ఆగనే ఆగిపోయింది. సూర్యకాంతమ్మ దిగి చీర ఎగదోపుకునేసరికి షిప్‌యార్డు షిఫ్టు దిగిన వాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చి, "నువ్వెందుకమ్మా, తప్పుకో" అని తోసేశారు. "మీ బిడ్డలు సల్లగుండాల!" అని దీవించి ఎక్కింది. తోసిన వాళ్ళలో ఒకడు బండి రంగు చూసి ఈల వేశాడు. "అబ్బ, ఏం రంగేశారండీ!" అన్నాడు. అంత దిగులులోనూ దాలయ్యకి ఆ మాట తీపిగానే తగిలింది.

సన్యాసిరాజు షెడ్డు ముందు నాలుగు లారీలున్నాయి. మనిషి పొట్టిగా, గుండ్రంగా, ఒక చేతిలో పకోడీ పొట్లంతో, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరుతో తిరుగుతున్నాడు. విజయనగరం పక్క పల్లెటూరి రైతు కుటుంబం. వ్యవసాయం అన్నలకి వదిలేసి లారీల కరెంటు పని పట్టుకున్నాడు. అయిదు నిమిషాల్లోనే దాలయ్య బావ, సూర్యకాంతమ్మ అప్ప, అంటే అక్క, అయిపోయారు అతనికి.

"బ్యాటరీ మార్చినావా బావా?"

"మార్చినాను."

"స్టార్టరు?"

"ఇప్పించి కార్బన్లు మార్పించినాను. ఆయిలు కూడా మార్చినాను. దిష్టి కూడా తీసినారు. నానైతే దానికేటీ సెయ్యలేదు."

"దిష్టి తీత్తే పోయే రోగమైతే నాకు షెడ్డెందుకు? ఉండు." సన్యాసిరాజు పకోడీ పొట్లం సూర్యకాంతమ్మ చేతికిచ్చి, మీటరు తీశాడు. దాని రెండు తీగలు బ్యాటరీ మీద ఆనించి, "ఇప్పుడు తాళం తిప్పు. అంటుకోకపోయినా పర్లేదు, తిప్పుతానే ఉండు" అన్నాడు.

"ర్రూ..." అంది ఇంజిను.

"పదకొండు. ఇంత బరువు మోత్తా కూడా పదకొండు ఓల్టులు ఇత్తంది. ఈ బ్యాటరీకి ఏ రోగం లేదు, పెళ్ళికొడుకులాగుంది."

దాలయ్యకి బ్యాటరీ షాపువాడి మొహం గుర్తొచ్చి గతుక్కుమన్నాడు. సన్యాసిరాజు ఒక తీగ బ్యాటరీ ప్లస్సు మీద, ఇంకోటి స్టార్టరు మీద పెట్టి మళ్ళీ తిప్పించాడు. "ఇటేపు దారి కూడా శుభ్రంగా ఉంది" అని తల ఊపాడు. తర్వాత ఒకటి బ్యాటరీ మైనస్సు మీద, రెండోది ఇంజిను ఒంటి మీద ఆనించాడు.

"తిప్పు."

"ర్రూ..."

"హమ్మ బాబోయ్! రెండు దాటిపోనాది. ఇక్కడ అర కూడా ఉండకూడదు." మీటరు పక్కన పడేసి, ఇంజిను మీద వంగి, యాక్సిలరేటరు కేబుల్ని వేళ్ళతో తడిమాడు. "ఇదిగో అప్పా, నువ్వూ ముట్టుకుని సూడు."

సూర్యకాంతమ్మ ముట్టుకుంది. "ఓలమ్మో, ఏడిగా ఉందేటి!"

"కరెంటు బ్యాటరీలోంచి బయల్దేరి స్టార్టరుకెల్తాది. ఎల్లింది ఎల్లినట్టే ఊరుకోదు, తిరిగి బ్యాటరీకి రావాల. అప్పుడే మోటారు తిరుగుతాది. బ్యాటరీ నుంచి కింద ఇనప చట్రానికి, అదే ఛాసిస్‌కి ఒక వైరు, ఛాసిస్ నుంచి ఇంజినుకి ఒక పట్టీ, అదీ తిరిగొచ్చే దారి. ఆ దారి ఎక్కడో మూసుకుపోనాది. అది దొరక్క పాపం కరెంటు ఈ సన్న కేబుల్ పట్టుకుని దొడ్డిదార్న వత్తన్నాది. అందుకే ఇది కాలిపోతంది, అక్కడ మోటారు మూలుగుతంది."

"తిరిగి రాకపోతే ఎల్లడం దేనికి మరి?" అంది సూర్యకాంతమ్మ, కేబుల్ మీంచి చెయ్యి తియ్యకుండానే. దాలయ్య ఆవిడ వంక చూశాడు గాని ఆవిడ అతన్ని చూడలేదు.

సన్యాసిరాజు చేతి మణికట్టంత లావు కేబుల్ ఒకటి తెచ్చి, బ్యాటరీ మైనస్సు నుంచి సరాసరి ఇంజినుకి తగిలించాడు. "ఇప్పుడు తిప్పు బావా."

దాలయ్య తిప్పాడు. బుర్రుమని గిర్రున తిరిగి, ఒక్క ఊపుకే అంటుకుంది! దాలయ్య భయపడి తాళం మీంచి చెయ్యి తీసేశాడు. అంత చప్పుడు విని ఎన్నాళ్ళయిందో!

"ఇంజిను రోగం కాదు, దారి రోగమే" అని సన్యాసిరాజు బండి కిందకి దూరాడు. కాసేపు పానా చప్పుడు. తర్వాత ఏమీ వినపడలేదు. ఆ తర్వాత కిందనుంచి నవ్వు. పొట్ట ఛాసిస్‌కి తగిలి ఇరుక్కుపోయేంత నవ్వు.

"బావా, ఇక్కడ రంగేసిందెవరు?"

"నానే" అన్నాడు దాలయ్య. వద్దన్నా గొంతులో కొంచెం గర్వం పలికింది. "పడవలకేసేదే. రెండు పూతలు."

"బోల్టు కిందా?"

"బోల్టు ఊడదీసి, వైరు పక్కకి తప్పించి, దాని కిందా ఏసినాను. బాగా ఆరనిచ్చి మళ్ళీ బిగించినాను. ఎక్కడా ఇనుము కనపడకుండా..."

చెబుతూ చెబుతూనే దాలయ్యకి మాట ఆగిపోయింది.

సన్యాసిరాజు బయటికొచ్చి అరచేతిలో వైరు కొస చూపించాడు. కొసనున్న రాగి బిళ్ళకి ఛాసిస్ మీంచి ఊడొచ్చిన రంగు పెచ్చు అద్దంలా మెరుస్తూ అంటుకుని ఉంది. "పడవకి నీళ్ళు దూరకుండా ఏత్తారు బావా. నువ్వు కరెంటు దూరకుండా ఏసినావు. మరి నానడిగితే ఏటీ సెయ్యలేదన్నావు?"

"రంగెయ్యడం కూడా సేసినట్టేనేటి?" అన్నాడు దాలయ్య నీరసంగా. నిజంగానే అతనికి ఆ ఊహే రాలేదు. జాలారిపేటలో ఎవణ్ణడిగినా అంతే. పడవకి రంగెయ్యడమంటే రోజూ స్నానం చెయ్యడంలాంటిదే, దాన్ని పని కింద ఎవరు లెక్కేస్తారు? ఇన్నాళ్ళూ బ్యాటరీవాణ్ణి తిట్టాడు, స్టార్టరువాణ్ణి తిట్టాడు, ముసలమ్మల చేత బండి తోయించాడు. తీరా చూస్తే తన చేతి పనే. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. టైరు మీద చతికిలబడ్డాడు.

"ఇదిగో ఉప్పుకాయితం. తెల్లటి ఇనుము కనపడేదాకా గీకెయ్యి" అని సన్యాసిరాజు చేతిలో పెట్టాడు.

దాలయ్య ఉప్పుకాయితం పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఉత్త ఇనుము! ఉప్పు ఊరే చోట! చిన్నప్పట్నుంచీ పడవ మేకు తల కనపడినా తండ్రి చెవి మెలేసేవాడు. "తుప్పట్టిపోతాది" అన్నాడు గొణుగుతూ.

"గీకి, గట్టిగా బిగించి, దానిమీద గ్రీజు దట్టంగా రాయి. ఆ పైన నీ ఇట్టమొచ్చినంత రంగేసుకో. రెండు ఇనుముల మధ్య మాత్రం ఏటీ ఉండకూడదు."

అయినా దాలయ్య లేవలేదు. సూర్యకాంతమ్మ పకోడీ పొట్లం కింద పెట్టి అతని ముందుకొచ్చి నిలబడింది. బోటు మాట మీద ఆ సాయంత్రం నుంచీ మూసుకున్న నోరు అప్పుడు తెరుచుకుంది. "గీకుతావా, సోమారం బోటెక్కుతావా? రెండిట్లో ఏదో నాకిప్పుడే సెప్పు!" షెడ్డులో ఉన్నవాళ్ళందరూ తలెత్తి చూశారు. గొంతు అరుస్తోంది గాని కళ్ళనిండా నీళ్ళున్నాయి. అది చూశాక దాలయ్య లేచాడు. కిందకి దూరి, చేతులు పీక్కుపోయేదాకా గీకాడు.

ఆదివారం తెల్లారుజామున ఆడవాళ్ళు అలవాటుగా చీరలు ఎగదోపుకుని బండి వెనక్కి చేరారు.

"ఎక్కండి, ఎక్కండి. తొయ్యక్కర్లేదు" అన్నాడు దాలయ్య. మిగతావాళ్ళు ఎక్కారు గాని నూకాలు నమ్మలేదు. వెనక డోరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడే ఉంది. దాలయ్య తాళం తిప్పాడు. బుర్రుమని ఒక్క తిప్పుకే ఇంజిను అంటుకుంది. నూకాలు అప్పటికే తొయ్యడం మొదలెట్టింది. బండి ముందుకి కదిలేసరికి తూలి, "ఒరే ఒరే, నన్నొగ్గీసి పోతావేటిరా!" అని అరిచింది. సందు సందంతా గొల్లుమంది. అటుగా వస్తున్న కృష్ణంరాజు పలకరించడానికి తల బయటపెట్టి, ఏమనాలో తోచక హారను కొట్టి వెళ్ళిపోయాడు.

హార్బర్లో చేపలు ఎక్కించుకుని భీమిలి రోడ్డు పట్టారు. తొట్లకొండ ఎత్తు సగం ఎక్కేసరికి వెనకనుంచి నూకాలు కేబిన్ మీద దబదబా బాదింది.

"ఆపు!"

దాలయ్య పక్కకి తీసి ఆపాడు.

"ఇంజిను కూడా ఆపు."

"సిన్నమ్మా, ఎత్తు మీదున్నాం. నిండు సరుకుంది..."

"అందుకే ఆపమన్నాను. పల్లం దిగేటప్పుడు ఎవుడి బండైనా లెగుత్తాది."

దాలయ్య తాళం వెనక్కి తిప్పాడు. ఇంజిను ఆగిపోయింది. ఇప్పుడు లేవకపోతే? అందరి ముందూ, ఎత్తు మీద, ఆదివారం బేరం నెత్తిన పెట్టుకుని? పక్కన సూర్యకాంతమ్మ డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుంది. అతను తిప్పాడు. ఒక్క ఊపుకే లేచింది ఇంజిను.

నూకాలు దిగి కిటికీ దగ్గరికి వచ్చింది. "సరే. సోమారం మామూలే, బేగి రా. ఇప్పుడు సెప్పు, ఏటి రోగం దీనికి?"

అబద్ధం ఆడదామనే అనుకున్నాడు. స్టార్టరు మీదికి తోసెయ్యొచ్చు. కాని ఆవిడ నడుం పట్టుకుని రోడ్డు మీద కూలబడ్డ సంగతి కళ్ళముందు మెదిలింది. "నా రంగే సిన్నమ్మా. వైరు కింద రంగేసి బిగించీసినాను" అన్నాడు.

నూకాలు ఓ క్షణం అలా చూసింది. తర్వాత మొదలైంది నవ్వు. ఆడవాళ్ళందరూ తట్టలు పట్టుకుని నవ్వారు, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "వర్షాకాలం నుంచీ మన సేత ఈడి రంగు తోయించినాడే!" అని నూకాలు కళ్ళు తుడుచుకుంది. తగరపువలస వచ్చేదాకా ఆ నవ్వు ఆగలేదు. దాలయ్యకి మొదట మొహం మాడింది గాని, భీమిలి దాటేసరికి అతనూ నవ్వడం మొదలుపెట్టాడు.

మార్కెట్టులో చేపలు మధ్యాహ్నం లోపే అయిపోయాయి. ఆడవాళ్ళు భోజనాలకి వెళ్ళారు. దాలయ్య ఇంజిను ఆపి, తాళం జేబులో వేసుకుని, దర్జాగా కిందికి దిగాడు. భార్యాభర్తలిద్దరూ హోటలు ముందు బల్ల మీద కూర్చున్నారు.

"గవర్రాజుకి సెప్పాల, బోటెక్కనని" అన్నాడు దాలయ్య టీ ఊదుకుంటూ.

"ఆడికి నానెప్పుడో సెప్పీసినాను."

"ఎప్పుడు?"

"నువ్వు మాటిచ్చిన రోజే. ఆడు సందు దాటకముందే ఎనకాలే ఎల్లినాను. బండి బాగైనా, పాడైనా మా మావ నీ బోటెక్కడు, తట్ట నెత్తినెట్టుకుని నడిసైనా పోసించుకుంటాను గాని పంపనని సెప్పీసినాను."

దాలయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. మనసు చివుక్కుమంది. "అంటే నాను వేటకి పనికిరాననే కదా నువ్వూ అనుకుంటన్నావు. పేటోళ్ళనుకున్నట్టే."

సూర్యకాంతమ్మ పైటకొంగుతో మెడ తుడుచుకుంది.

"మా అయ్య వేటకెల్లి రానేదు. మాయమ్మ ఏడాది దాకా ఇసకలో కూకునేది. మా అన్నలు ఎల్లిన రోజల్లా ఇంట్లో ఎవులికీ కూడు దిగేది కాదు. నీతో పెల్లయ్యాక మీయమ్మ నన్ను గంగమ్మ గుడికి తీసుకెల్లింది. నా పెనిమిటికి కళ్ళు తిరగడం తగ్గించు తల్లీ, ఏటేటా కోడినిత్తానని మొక్కుకోమంది."

"మొక్కినావు కదా. మరి తగ్గనేదు."

"మొక్కినాను. తగ్గించకు తల్లీ అని మొక్కినాను."

దాలయ్య బల్ల మీంచి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"పేటలో గాలేసిన రాత్రి సుబ్బరంగా నిద్రపోయేదాన్ని నానొక్కదాన్నే. పక్కింటోళ్ళు దీపాలట్టుకుని ఒడ్డుకి పరిగెట్టినప్పుడల్లా నువ్వు నా పక్కన గురకెట్టి తొంగున్నావు. ఆ గురక ఇని ఏడిసీదాన్ని, సంతోసంతో. ఏటేటా గుడి ముందు కోడి నువ్వే పట్టుకుని కోత్తన్నావు కదా, దేనికనుకున్నావేటి?"

దాలయ్యకి కళ్ళు మసకబారాయి. ఇన్నేళ్ళుగా తను తలవంపులనుకున్న దాని కోసం, ఏడాదికోసారి తన చేతులతో తనే మొక్కు చెల్లిస్తున్నాడన్న మాట! నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక టీ అంతా ఒక్క గుక్కలో తాగేసి, నాలుక కాల్చుకున్నాడు.

చాలాసేపటికి మూతి తుడుచుకుని, "ఈ యేడు సిన్న కోడి వద్దే" అన్నాడు. "మంచి పుంజునే ఇద్దాం."